ఆరు తర్వాత మంచిది

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇంట్లో ఆ హక్కు నేను బాగానే వాడుకున్నాను. మా వదిన వండిన కూరకి వంకలు పెట్టాను, ఆమె చీరలు అడక్కుండా కట్టుకున్నాను, అన్నయ్యతో ఆమె మీద చాడీలు కూడా చెప్పాను. కానీ ఇంటి నుంచి బయలుదేరి ఆసుపత్రి రెండో అంతస్తు ఎక్కితే లెక్క తిరగబడేది. ఆపరేషన్ గదిలో ఆమె సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందించే నర్సు. నేను ఆ గదిలోనే బయటి వరుసలో తిరుగుతూ, పొట్లాలు విప్పుతూ, దీపాలు తిప్పుతూ, వాడేసిన గుడ్డలు ఏరే నర్సుని. పదకొండేళ్ళు ఆమె కనుసైగకి పరిగెత్తాను. ముక్కు మీద కోపం ఉన్న నాలాంటిదానికి అదెంత కష్టమో మీరే ఊహించుకోండి.

మా వదిన మనిషి పొట్టి. ఆపరేషన్ బల్ల అందక చిన్న చెక్కపీట వేసుకుని నిలబడేది. మాట తక్కువ. ఒకసారికి ఒకటే పని చేసేది, అదే ఆమె రోగం అనేవాళ్ళం ఇంట్లో. గుండీ కుడుతుంటే గుండీ కుట్టడమే. పక్కన ఎవరేం అడిగినా దారం తెంపాకే జవాబు. ఫోను గుమ్మం దగ్గర చెప్పుల అరలో పెట్టేసి లోపలికొచ్చేది. చుట్టాలు ఫోన్ చేసి చేసి విసిగిపోయి "మీ వదినకి పొగరు" అని నాకు చెప్పేవారు. "చెప్పులకి చేశారేమో, మనిషికి కాదు" అనేదాన్ని నేను.

అన్నయ్య ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. సరదా మనిషి. "ఇంటికి నిప్పంటుకుందని చెప్పాలన్నా ఈవిడ చేతిలో పని అయ్యేదాకా ఆగాలి" అనేవాడు.

"నిప్పంటుకుంటే మీరు చెప్పడం ఎందుకు, నీళ్ళు పట్టుకురండి" అనేది వదిన.

ఎందుకిలా తయారయ్యావని ఒకసారి అడిగాను. ఏదో పెద్ద కథ ఉంటుందనుకున్నా. ఏమీ లేదు. "రెండు పనులు కలిపి చేస్తే రెండూ నాకు గుర్తుండవు. గుర్తులేని బతుకు బతికినట్టా?" అంది. అంతే. హెడ్ నర్సు పని మూడుసార్లు వచ్చింది ఆమెకి. మూడుసార్లూ వద్దంది. జీతం ఎక్కువ కదా అని మేం తల బాదుకున్నాం. "ఆ కుర్చీలో కూర్చుంటే నాకు కాగితాలు కనబడతాయి, కడుపులు కనబడవు. లోపలికి వెళ్ళినవన్నీ మళ్ళీ బయటికి రావాలి. అది చూడ్డానికే నేనున్నాను" అంది. ఆ మాట వినడానికి చాలా చిన్నగా ఉంటుంది. దానికోసం ఒక మనిషి పందొమ్మిదేళ్ళు పీట మీద నిలబడిందంటే, మొదట్లో నాకు నవ్వొచ్చేది.

ఇంకో అలవాటుంది. మత్తు ఇవ్వకముందే ప్రతి మనిషినీ "మీరేం పని చేస్తారు?" అని అడిగేది. బల్ల మీద పడుకుని పచ్చగుడ్డ కప్పాక అందరూ ఒకటే కడుపు, పని తెలిస్తే మనిషి గుర్తుంటాడు అనేది.

ఇప్పుడు మా పెద్ద డాక్టరు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన చెయ్యి బంగారం. నేను ఎంతమంది సర్జన్లని చూశానో, ఆయనంత తేలిగ్గా కత్తి పట్టినవాళ్ళు లేరు. కానీ ఒక పిచ్చి. చాలా ఏళ్ళ కిందట ఒకే వారంలో ఇద్దరు బల్ల మీదే పోయారు. రెండుసార్లూ సరిగ్గా ఆ క్షణంలో గుడ్డలు లెక్కపెడుతున్న నర్సు నోట్లో "ఏడు" అన్న మాట ఉందట. అప్పటి నుంచి ఆయన గదిలో ఆ అంకె నిషేధం. "ఏడు, ఏడు అని ఏడుపుని పిలుస్తారెందుకు?" అనేవాడు. ఆరు తర్వాత "మంచిది" అనాలి. ఆ తర్వాత ఎనిమిది. పదిహేడుకి "పదీ మంచిది". అందరం అలవాటు పడిపోయాం. మత్తు డాక్టరు మాత్రం, పెద్ద డాక్టరు లేనప్పుడు, రేపు ఉదయం ఆపరేషన్ ఆరూ అరవైకి మొదలు అని వెక్కిరించేవాడు.

వదిన ఒక్కతే లొంగలేదు. తన బల్ల మీది పనిముట్లు తాను లెక్కపెట్టుకునేటప్పుడు "ఐదు, ఆరు, ఏడు" అని గట్టిగా అనేది.

"సిస్టర్, మళ్ళీ మొదలుపెట్టారా?" అనేవాడాయన.

"ఏడు అంటే ఏడవమని కాదు సార్. ఆరు తర్వాత వచ్చేది."

ఆయన పళ్ళు నూరుకునేవాడు. ఆమె లాంటి నర్సు ఇంకొకరు దొరకరని తెలుసు కాబట్టి ఊరుకునేవాడు. ఆసుపత్రిలో ఆమెకి "ఏడుపు సిస్టర్" అని పేరు పడింది. నాకు తలకొట్టేసినట్టుండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, ఒక్క మాట మార్చుకుంటే ఈవిడ సొమ్మేం పోయిందని. నేనైతే సంతోషంగా "మంచిది" అనేదాన్ని. ఆయన నన్ను చూసి తల ఊపేవాడు. నాకు అది చాలు.

ఆ రోజు బల్ల మీదికి వచ్చినావిడ వయసు నలభై దాటి ఉంటుంది. కడుపులో పేగుకి చిల్లుపడి, చీము పట్టి, పరుగున తీసుకొచ్చారు. అంత నొప్పిలోనూ వదిన అడిగినదానికి జవాబు చెప్పింది.

"ఇస్త్రీ కొట్టు ఉందమ్మా. ఎన్నాళ్ళకి నిలబడగలను? అది నిలబడి చేసే పని."

"నేనూ నిలబడి చేసే పనే" అంది వదిన. "ముందు పడుకోండి. తర్వాత నిలబెడతాం."

కడుపు తెరిచాక అనుకున్నదానికన్నా ఎక్కువ పాడైంది. రక్తం బాగా పోయింది. రక్తం అద్దడానికి వాడే పెద్ద గుడ్డల్ని మేం మాప్‌లు అంటాం. ఒక్కొక్కటి జేబురుమాలుకి రెండింతలుంటుంది. నెత్తురులో నానితే లోపలి అవయవాల పక్కన అదేదో ఇదేదో తేడా తెలియదు. పది మాప్‌లు విప్పి ఇచ్చాను. బోర్డు మీద పది అని రాశాను. పదీ బయటికొచ్చాయని లెక్క తేలాకే కడుపు కుట్టాలి. లోపల ఒక్కటి మిగిలిపోతే అది కుళ్ళుతుంది, మనిషి నెలల తరబడి నొప్పితో బాధపడుతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

రెండున్నర గంటలయ్యాక పెద్ద డాక్టరు "లెక్క చూడండి, మూసేద్దాం" అన్నాడు. బకెట్లోంచి వాడేసిన మాప్‌లు ఒక్కొక్కటే తీసి, గట్టిగా లెక్కపెట్టి, సంచిలో వేశాను. చివరికి పది అన్నాను. నియమం ప్రకారం కుట్లు పూర్తయ్యేదాకా ఆ సంచి గదిలోనే ఉండాలి. బయట ఇంకో కేసు ఎదురుచూస్తోంది. నేను చురుగ్గా ఉన్నానని అనిపించుకోవాలి కదా. మూట బిగించి ఆయా చేతికిచ్చి పంపేశాను.

పెద్ద డాక్టరు చెయ్యి చాపాడు. "సూది."

వదిన ఇవ్వలేదు.

"సూది, సిస్టర్."

"లెక్క మళ్ళీ చూడాలి సార్. నాకు పది వినబడింది. పది కనబడలేదు."

నా ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చింది. ఇంట్లో నేను ఉప్పు ఎక్కువైందంటే పడింది, అత్తమీద కోపం దుత్తమీద అన్నట్టు ఇక్కడ తీర్చుకుంటోందా అనుకున్నాను. "నేను పది లెక్కపెట్టాను సిస్టర్" అన్నాను. గదిలో ఆమెని వదిన అనకూడదు. "ఒక్కొక్కటీ చేత్తో తీసి లెక్కపెట్టాను."

"సంచి తెప్పించు."

సంచి కింద చెత్తగదిలో ఉంటుంది, మిగతా గదుల సంచుల మధ్య. వెతికి తేవడానికి పది పదిహేను నిమిషాలు. మత్తు డాక్టరు తెర మీద అంకెలు చూస్తూ "బీపీ పడిపోతోంది. ఎంత త్వరగా మూస్తే అంత మంచిది" అన్నాడు.

పెద్ద డాక్టరు గొంతు చల్లబడింది. ఆయనకి కోపం వచ్చిందనడానికి అదే గుర్తు. "బోర్డు మీద పది ఉంది. లెక్కపెట్టిన అమ్మాయి పది అంటోంది. నేను లోపల చూశాను, ఏమీ లేదు. మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళా?"

"కుందేలుకి నాలుగు కాళ్ళే సార్. అందుకే లెక్కపెట్టమంటున్నా."

"మనిషి బల్ల మీద పోతే జవాబుదారీ ఎవరు?"

"మీరూ నేనూ. లోపల గుడ్డతో పంపిస్తే కూడా మనమే." వదిన కుడిచెయ్యి సూదుల ట్రే మీద బోర్లించి పెట్టింది. "లెక్క తేలనిదే సూది ఇవ్వను."

నా పదకొండేళ్ళలో ఆయనతో అలా ఎవరూ మాట్లాడలేదు. ఆయన నా వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు చేతులు కడుక్కుని రా. ఆవిడ పీట దిగుతుంది. నువ్వు ఎక్కు."

నిజం చెప్పేస్తున్నా. నాకు సంతోషం వేసింది. భయం వేసింది, దాని కింద సంతోషం వేసింది. పదకొండేళ్ళుగా ఆమె చెప్పింది చేస్తున్నాను, ఇవాళ ఆ పీట నాది. గబగబా పక్కగదిలోకి పోయి కుళాయి తిప్పాను. మోచేతుల దాకా సబ్బు పట్టించి రుద్దుకోవాలి. మూడు నిమిషాలు. అద్దం లేదు, ఫోను లేదు, మాట్లాడే మనిషి లేదు. చేసేదేమీ లేక, ఆమె తప్పని ఋజువు చేసుకుందామని, లెక్క మళ్ళీ మొదటి నుంచి నెమరువేశాను.

ఒకటి, బకెట్ అంచుకి అంటుకుంది, లాగాను. రెండు. మూడు బాగా తడిసి బరువుగా ఉంది. నాలుగు, ఐదు ఒకదానికొకటి చుట్టుకుని ఉంటే విడదీశాను. ఆరు. అప్పుడు పెద్ద డాక్టరు తలెత్తకుండా "ఆ దీపం కాస్త ఇటు తిప్పమ్మా" అన్నాడు.

"మంచిది" అన్నాను.

వెళ్ళి దీపం తిప్పాను. తిరిగి వచ్చి బకెట్లో చెయ్యి పెట్టాను. నోరు "ఎనిమిది" అంది.

సబ్బు నురగ మోచేతుల మీంచి కారుతోంది. కుళాయి కట్టలేదు. అలాగే చేతులు పైకెత్తుకుని గదిలోకి పరిగెత్తాను.

"సార్, తప్పు నాది. నేను చేత్తో తీసినవి తొమ్మిదే. మంచిది అని మీ దీపానికి అన్నాను. లెక్కలో కలిసిపోయింది."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. అందరికన్నా ముందు అర్థమైంది పెద్ద డాక్టరుకే. ఆయన కళ్ళు మాస్క్ పైన ఒక్కసారి మూసుకున్నాయి. మళ్ళీ తెరిచాడు. వెంటనే చెయ్యి కడుపులో పెట్టాడు. కాలేయం వెనక, పైకంటా, వెతికాడు. వదిన పట్టుకారు అందించింది, ఇంకో దీపం తిప్పమని నాకు కళ్ళతో చెప్పింది. అక్కడ దొరికింది. లోపలి రంగులోనే, లోపలి దానిలాగే ముడుచుకుని ఉంది.

ఈలోగా ఎవరో కబురు చేస్తే ఆయా కింది నుంచి సంచి పట్టుకొచ్చింది. నేల మీద పచ్చగుడ్డ పరిచి, దొరికినదానితో కలిపి అన్నీ పక్కపక్కన పెట్టాను. వదిన పీట మీంచి వంగి చూస్తోంది. ఒకటి నుంచి మొదలుపెట్టాను. ఆరు అన్నాక నా నాలుక ఒక్క క్షణం ఆగింది. "ఏడు" అన్నాను. ఎవరూ ఏడవలేదు. పది దాకా వెళ్ళాను.

"పది" అంది వదిన కూడా. అప్పుడు సూది ఇచ్చింది.

ఇస్త్రీ ఆవిడ బతికింది. బీపీ రాత్రికి కుదుటపడింది. ఇంటికొచ్చాక వదిన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు కంపరం. "తిట్టు వదినా, తిట్టి వదిలెయ్" అన్నాను.

"తిడితే నీకు హాయిగా ఉంటుంది. ఎందుకు తిడతాను" అంది. మళ్ళీ కంచంలో అన్నం కలుపుకుంది.

మూడోరోజు పరిపాలన అధికారి మా ఇద్దర్నీ పిలిచాడు. పెద్ద డాక్టరు కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తున్నాడు. అధికారి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. మాట తేనెలా ఉంది ఆయనది.

"చూడండి సిస్టర్, ఎవరికీ ఏమీ కాలేదు. రికార్డులోనూ ఈ మొదటి కాగితంలోనూ లెక్క మొదటి నుంచీ సరిగ్గానే ఉందని రాశాం. మీ ఆడబిడ్డ ఉద్యోగానికీ ఇబ్బంది లేదు. మీరు సర్జన్ మాట ధిక్కరించినందుకు విచారిస్తున్నానని ఇందులో సంతకం పెడితే చాలు. ఆ పేషెంటుకి ఈ సంగతులేవీ తెలియనక్కర్లేదు. లేదంటే ఈ రెండోది. సోమవారం నుంచి మిమ్మల్ని ఆపరేషన్ థియేటర్ నుంచి తీసి డ్రెస్సింగ్ గదికి వేస్తున్నాం."

డ్రెస్సింగ్ గది అంటే కింద అంతస్తులో పాత కట్లు విప్పి కొత్త కట్లు కట్టే గది. ఆమె పందొమ్మిదేళ్ళు దేనికోసం నిలబడిందో అది అక్కడ లేదు. నేను బల్ల కింద ఆమె కొంగు లాగాను. సంతకం అడుగుతారని ముందే చెవిన పడి, ముందు రోజు రాత్రి అన్నయ్య కూడా బతిమాలాడు, "ఒక్క సంతకం పారేసి రా, ఇంటి పిల్ల ఉద్యోగం కూడా నిలబడుతుంది" అని. నాకూ అదే కావాలి. సిగ్గు విడిచి చెబుతున్నా, నాకూ అదే కావాలి.

వదిన రెండు కాగితాలూ చదివింది. మొదటి నుంచి చివరిదాకా, పక్కన మేమెవరమూ లేనట్టు. గడియారం టిక్కుటిక్కుమంటోంది, అధికారి పెన్ను మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చదవడం అయ్యాక మొదటి కాగితం ఆయన వైపు జరిపింది.

"ఇందులో రెండు అబద్ధాలున్నాయండీ. లెక్క మొదటి నుంచీ సరిగ్గా లేదు. నాకు విచారమూ లేదు." రెండోది మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "డ్రెస్సింగ్ గదిలో ఉండేదీ మనుషులే కదండీ."

"సిస్టర్, కాస్త ఆలోచించి..."

"సూది ఇవ్వని మాట నిజం. రేపైనా అంతే. అది కావాలంటే రాసిస్తాను, సంతకం పెడతాను."

పెద్ద డాక్టరు కిటికీ వైపు నుంచి తిరగలేదు. తిరిగితే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

బయటికి రాగానే నేను నోరు విప్పాను. "నీకేం, నీ పంతం నీది. నా ఉద్యోగం సంగతి? అన్నయ్యకి ఏం చెప్పను? కట్లు విప్పుకుంటూ కూర్చుంటావా ఇక జన్మంతా?" ఆమె నడుస్తూనే ఉంది. మెట్లు దిగి ఇంటి దారి పడుతుందనుకున్నా. పట్టలేదు. వార్డు వైపు తిరిగింది. ఎక్కడికి వెళ్తోందో అప్పటికి తెలిసింది.

"వదినా, చెప్పొద్దన్నారు కదా."

"వాళ్ళ కాగితం ఒప్పుకుంటే కదా ఆ మాట. అది నేను తీసుకోలేదు." తలుపు దగ్గర ఆగింది. "నువ్వు రానక్కర్లేదు. ఇంటికెళ్ళు."

వెళ్ళిపోతే నన్నేమీ అనేది కాదు. అది కూడా నాకు తెలుసు. అందుకే వెళ్ళలేకపోయాను.

ఇస్త్రీ ఆవిడ దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహంలో రంగు వచ్చింది. వదినని చూసి "నిలబడి చేసే పని అన్నది మీరే కదూ" అంది. వదిన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. చుట్టూ గొడవగా ఉంది, పక్క మంచం చుట్టాలు ఏదో వాదించుకుంటున్నారు. అవేమీ ఆమెకి పట్టలేదు. ఆవిడ కళ్ళలోకి చూస్తూ, "మీకు ఒక సంగతి చెప్పాలి. మీ కడుపులో ఒక గుడ్డ వదిలేసి కుట్టేయబోయాం" అంది.

"లెక్క తప్పింది నేను" అన్నాను. "పది ఇచ్చాను. తొమ్మిది తీసి పది అన్నాను. సిస్టర్ కుట్టనివ్వలేదు. వెతికితే దొరికింది."

ఆవిడ చెయ్యి దుప్పటి మీంచి జరిపి కట్టు మీద పెట్టుకుంది. మొదట నన్ను చూసింది. ఆ చూపు నేను తట్టుకోలేక తల దించుకున్నాను. తర్వాత వదిన వైపు తిరిగింది.

"మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

"కడుపు మీది కదమ్మా" అంది వదిన.